వైరు లేని డబ్బా

సోమారు పట్టకారుతో ఏడో రేకును పైకి తోశాడు. పాత అలారం గడియారపు స్ప్రింగు కత్తిరించి చేసిన రేకు, వేలిగోరంత ఉంటుంది. టిక్కుమని లేచి పైనే ఆగింది.

"మళ్లీ మొదలుపెట్టినవా?" పక్క టీకొట్టు రత్నం కేకేసింది. "నీ డబ్బా సప్పుడుకు నా గిరాకీ అంతా బస్టాండుకు ఉరుకుతుంది గద సోమారూ!"

"లెక్క చేస్తంది రత్నమ్మా. కరవదులే."

అన్నాడే గాని, రోడ్డు మీద జీపు చప్పుడు వినగానే పట్టకారు జారింది. జీపు ఆగకుండా పోయింది.

కొంటా సంతలో ఇరవై రెండేళ్లు గడియారాలు, టార్చిలైట్లు బాగుచేశాడు. ఆమధ్య తమ్ముడు మంగల్‌ను దారిలో ఆపి, సంచిలో వైర్లు, బ్యాటరీలు చూసి బాంబు సామాననుకుని పోలీసులు తీసుకుపోయారు. అవి రేడియోవని తేలడానికి పదకొండు నెలలు పట్టింది. ఆ తర్వాత సోమారు టార్చిలైటు ముట్టుకోలేదు.

కంప్యూటర్ లోపల ఉండేది అవును, కాదు, అంతేనని కూతురు కోసి బడిలో విని వచ్చి చెప్పింది. అప్పటినుంచీ ఈ టిఫిన్ డబ్బా. రేకు లేస్తే అవును, వంగితే కాదు. మొదటి రేకు ఒకటి, రెండోది రెండు, మూడోది నాలుగు; లేచినవి కూడితే లెక్క. కరెంటు లేకున్నా పెట్టిన లెక్క మరిచిపోదు. వైరు లేదు, బ్యాటరీ లేదు, ఎవరికీ అనుమానం రాదనుకున్నాడు. టిక్కు సంగతి ఆలోచించలేదు.

కోసి జావ తెచ్చేసరికి ఉప్పు అమ్మేవాళ్లు బస్తాలు దూరంగా జరుపుకున్నారు. పొద్దుటి జీపే తిరిగి వచ్చింది. సాదా బట్టల్లో ఇద్దరు దిగి, పదడుగుల అవతలే నిలబడ్డారు.

"డబ్బే మే క్యా హై?" డబ్బాలో ఏముందని అక్కడినుంచే అడిగారు.

"హిసాబ్, సాబ్." లెక్కేనన్నాడు సోమారు. తనే మూత తీసి చూపించాడు.

ఒకతను దగ్గరికొచ్చి కర్రతో రేకులు కదిపి నవ్వాడు. బొమ్మ అన్నాడు. రెండో అతను నవ్వలేదు. డబ్బా అక్కర్లేదు, ఇంత సన్నపని చేసే మనిషితోనే మాట్లాడాలి, జీపెక్కమన్నాడు.

"అయ్యా, ఎప్పుడొస్తవ్?" కోసి జావ గిన్నెతోనే ఎదురొచ్చింది.

సోమారు వంగి రేకులన్నీ కిందికి నొక్కాడు. మొదటి రెండింటిని గోటితో లేపాడు. టిక్. టిక్.

"మూడు రోజులా?"

తలూపి జీపెక్కాడు. జావ అలాగే చల్లారింది.

నాలుగు వారాలు, నాలుగు సంతలు వచ్చి పోయాయి. సోమారు కొట్టు దుమ్ము తుడిచేటప్పుడు రత్నం ఆ డబ్బాను మాత్రం కదపదు. కోసి రోజూ మూత తీసి చూస్తుంది. రెండు రేకులూ లేచే ఉన్నాయి.