వెచ్చని చోటు

కుర్చీలో కూర్చోబోయిన జమ్‌సున్ ఆగి, ముందు మెత్త మీద అరచెయ్యి పెట్టి చూసింది. వెచ్చగా ఉంది. నిన్నా అంతే, మొన్నా అంతే.

గదిలోకి ఇంకా ఎవరూ రాలేదు. తాళం తీసింది తనే, దీపం వేసింది తనే. ఉన్న ఒక్క కిటికీ ఉత్తరం వైపుది, ఎండ పడే దారే లేదు. బల్ల మీద నిన్న మిగిలిన బార్లీ టీ పైన పలచగా మంచు పొర కట్టింది. అంత చలిలోనూ ఆ మెత్త మాత్రం ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు ఉంది. దాన్ని తిప్పి చూసింది, దులిపింది, మళ్ళీ వేసుకుని కూర్చుంది. ఏం చేస్తుంది మరి, పని ఉంది కదా.

ఆ మెత్త ఆమె అల్లుకున్నదే. స్వెట్టర్ల ఫ్యాక్టరీ మూసేసిన రోజు గుప్పెళ్ళతో తెచ్చుకున్న తుక్కు ఉన్నితో అల్లింది. రంగుకో చార, ఏ రెండు చారలూ ఒక వెడల్పు ఉండవు. నలభై తొమ్మిదేళ్ళ మనిషి. పొట్టి జుట్టు, బరువు లాగిన భుజాలు, చుబుకం మీద మిరియపు గింజంత పుట్టుమచ్చ. 'జమ్' అంటే మచ్చ, ఆ మచ్చతో పుట్టిందనే ఇంట్లో ఆ పేరు పెట్టారు. పెళ్ళి చేసుకోలేదు. కున్‌సాన్‌లో ఉన్న చెల్లెలితో నెలకోసారి ఫోన్లో మాట్లాడుతుంది. వీధిలో ఎదురుపడితే ఎవరూ రెండోసారి తిరిగి చూడరు.

ఇక్కడికి వచ్చింది కూడా గదులు ఊడవడానికే. మా గురో పేటలో ఫ్యాక్టరీలు పడగొట్టి అద్దాల మేడలు లేపారు కదా, అందులో ఒక మేడ ఆరో అంతస్తులో ప్యో డోంగ్‌చాన్ అనే కుర్రాడు ఫోన్లలో ఆడుకునే ఆటలు తయారుచేసే చిన్న కంపెనీ పెట్టాడు. ఒకరోజు అతను కంప్యూటరు ముందు తల పట్టుకుని, అగ్గిపెట్టెలో సగం లేని తెర మీద మనిషి ముఖం గీయలేక అవస్థ పడుతున్నాడు. చీపురు పట్టుకుని వెనక నిలబడిన జమ్‌సున్, "ముక్కు తీసెయ్ అబ్బాయ్. అంత చిన్న ముఖానికి ముక్కు ఉండదు" అంది. తీసేశాడు. ముఖం వచ్చింది.

రాదా మరి. పదహారేళ్ళ వయసు నుంచి ఫ్యాక్టరీలో ఆమె పని అదే, గళ్ళ కాగితం మీద నమూనాలు గీసి అల్లిక యంత్రాలకు ఇవ్వడం. పిల్లల స్వెట్టర్ మీద ఎలుగుబంటి కావాలంటే ఇన్ని గళ్ళు నల్లవి, ఇన్ని గళ్ళు తెల్లవి. ఉన్ని అయితేనేం, వెలుగు అయితేనేం, గడి గడే. మరుసటి నెల నుంచి చీపురు ఇంకొకరి చేతికి వెళ్ళింది.

డోంగ్‌చాన్ చెవులు ఎర్రగా చేసుకుని లోపలికి వచ్చాడు. వెనకే హెరిమ్, తయారైన ఆటని రకరకాల ఫోన్లలో ఆడి తప్పులు పట్టే పిల్ల. ఖాళీ కిమ్చీ పచ్చడి డబ్బాలో నలభై ఫోన్లు వేసుకుని రోజంతా వాటితోనే ఉంటుంది.

"అబ్బాయ్, రాత్రి నా కుర్చీలో పడుకున్నావా?"

"మీ మెత్త మీదా? పిన్నీ, నాకింకా పెళ్ళి కాలేదు, అప్పుడే చావాలని లేదు."

"నేను ఒక్కసారి బ్యాగు పెట్టినందుకే వారం రోజులు మాట్లాడలేదు నాతో," అంది హెరిమ్.

"తడి బ్యాగు పెట్టావు కాబట్టి. పొడిదైతే మూడు రోజులే."

నవ్వుకున్నారు గానీ ఆ రోజు ముగ్గురి చూపూ గడియారం మీదే. సాయంత్రం నాలుగింటికల్లా 'సంత వీధి' ఆటని ఫోన్ కంపెనీకి పంపాలి. తర్వాత కొత్త సంవత్సరం సెలవులు. ఇవాళ దాటితే మళ్ళీ రెండు నెలలకు గానీ తీసుకోరు, అన్నాళ్ళు ఈ గది ఉండదు. ఆటేమో ఉండాల్సిన బరువు కంటే, అంటే ఫోన్లో దానికి దొరికే జాగా కంటే, కొంచెం ఎక్కువ తూగుతోంది. ఆ రోజుల ఫోన్లు మోయగలిగింది అంతే. ఒక్క బొమ్మ ఎక్కువైనా వెనక్కి కొట్టేవాళ్ళు.

ఆ సంతలో ఒక చిల్లర వ్యాపారి బుట్ట మోసుకుని పరుగెడుతుంటాడు. వెనక దుకాణాల దగ్గర పన్నెండు మంది ఆడవాళ్ళు నిలబడి ఉంటారు, ఊరికే కళ్ళార్పుతూ. ఆ పన్నెండు మందీ జమ్‌సున్ ఒకప్పుడు ఉన్న గదిలో వాళ్ళేనని డోంగ్‌చాన్‌కు తెలియదు. అట్ల పొయ్యి పక్కన కూర్చున్నది తనే, చుబుకం మీద ఒక్క నల్ల గడి. వీధి చివర వీపు తిప్పి నిలబడిన జడ అమ్మాయి, ఆ గదిలో తన నేస్తం కుమ్‌హీ.

వీపెందుకంటే, ముఖం గుర్తు లేక. ముప్పై ఏళ్ళలో ఆ ముఖం అరిగిపోయింది, జడ మిగిలింది. ఫోటో ఒక్కటి కూడా లేదు. నెలాఖరు సెలవు రోజున ఇద్దరూ స్టూడియోకి వెళ్ళాలనుకున్నారు. ఆ సెలవు రాకముందే కుమ్‌హీ పోయింది.

"పిన్నీ," అన్నాడు డోంగ్‌చాన్ పదకొండింటికి, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "బరువెక్కడుందో దొరికింది. జడ అమ్మాయికి ముందువైపు ముఖం గీశారే, అది. ఎప్పుడు పెట్టారు?"

"నేను గీయలేదు."

"బాగుంది పిన్నీ. కానీ తీసెయ్యాలి."

"గీయలేదంటున్నాను కదా."

హెరిమ్ డబ్బాలోంచి ఒక మడత ఫోను తీసింది. "తిరుగుతోంది పిన్నీ. వెండి రంగు ఫోన్ ఒక్కదాంట్లోనే. పొద్దున మూడుసార్లు తిరిగి చూసింది. మీరే చేశారనుకున్నాం."

జమ్‌సున్ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. డోంగ్‌చాన్ ఆ ముఖాన్ని పెద్దది చేసి చూపించబోతే, "వద్దు, పెద్దదైతే గళ్ళే కనిపిస్తాయి. ఫోన్లోనే చూస్తా," అని వెండి ఫోను అందుకుంది. చత్వారం కదా, చెయ్యి చాచి పట్టుకుంది. వ్యాపారి వచ్చాడు, పోయాడు. కుమ్‌హీ వీపు కదల్లేదు. మళ్ళీ ఆడించింది. కదల్లేదు. భోజనాల వేళ బియ్యపు బిళ్ళల సూపు తెప్పిస్తే చెంచా సూపులోనే ఉండిపోయింది, చూపు ఫోన్లో ఉండిపోయింది.

"మూడు లోపు తీసెయ్యనా పిన్నీ?" మెల్లగా అడిగాడు డోంగ్‌చాన్.

ఆమె ఆటని మళ్ళీ మొదటి నుంచి ఆడించింది.

ఫ్యాక్టరీ రోజుల్లో గది అద్దె పంచుకోవడానికి మా పేట ఆడపిల్లలమందరం ఇలాగే పడుకునేవాళ్ళం, ఒకే పరుపులో ఇద్దరు, వంతులవారీగా. పగటి షిఫ్టు పిల్ల లేస్తే రాత్రి షిఫ్టు పిల్ల దూరేది. పరుపు చల్లబడటం అంటూ ఉండేది కాదు. నేల కింద బొగ్గు బిళ్ళలు కాలుతుండేవి. వాటికి దగ్గరగా, గదిలోకెల్లా వెచ్చటి చోటు జమ్‌సున్ వాటాకి వచ్చింది. ఒక జనవరి పొద్దున ఆమె రాత్రి షిఫ్టు దిగి వచ్చేసరికి కుమ్‌హీ జలుబుతో వణుకుతూ పనికి బయల్దేరుతోంది. "నా చోట పడుకో. నీ బదులు నేను వెళ్తాలే," అని జమ్‌సున్ వెనక్కి తిరిగి ఫ్యాక్టరీకి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం నేల పగుల్లోంచి బొగ్గు విషగాలి పైకి వచ్చింది. సాయంత్రం వచ్చి చూస్తే పరుపు వెచ్చగా ఉంది, కుమ్‌హీ చెయ్యి వెచ్చగా ఉంది. నిద్రపోతోందనుకుని, లేపకుండా గంటసేపు పక్కనే కూర్చుంది జమ్‌సున్. ఆ వెచ్చదనం నేలదని తర్వాత తెలిసింది.

రెండున్నరకి ఆమె లేచి డోంగ్‌చాన్ వెనక నిలబడింది, చీపురుతో నిలబడిన రోజులాగే.

"ముఖం ఉంచు. నన్ను తీసెయ్."

"మిమ్మల్నా?"

"పొయ్యి పక్కన మచ్చ ఉన్న మనిషిని. జడ పిల్లని తెచ్చి ఆ చోట పెట్టు. అక్కడ చలి, ఆ వీధి చివర."

డోంగ్‌చాన్ బొమ్మని తీసి చూశాడు. "ఇంకా కొంచెం ఎక్కువే ఉంది పిన్నీ. పిసరంత."

జమ్‌సున్ తెర మీదికి వంగింది. పొయ్యిలో మంట మూడు బొమ్మలుగా రెపరెపలాడుతోంది.

"మంట తీసెయ్."

"మంట లేని పొయ్యి ఎందుకు పిన్నీ? అట్లు ఎలా వేస్తుంది?"

"అట్లు వెయ్యకపోతే చావదులే. తియ్యమన్నానా."

తీశాడు. బరువు సరిపోయింది. నాలుగింటికి ఇంకా పది నిమిషాలుందనగా ఆట వెళ్ళిపోయింది. హెరిమ్ బల్ల మీద తల వాల్చి, "బతికాం," అంది. డోంగ్‌చాన్ కాఫీ కోసం నీళ్ళు పెట్టాడు.

జమ్‌సున్ వెండి ఫోను తెరిచింది. చల్లారిన పొయ్యి పక్కన కుమ్‌హీ ఉంది, వీపుతోనే. వ్యాపారి పరుగెత్తుకుంటూ ముందు నుంచి పోయాడు. అతను దాటాక ఆ జడ పిల్ల తిరిగింది.

ఏముంది అందులో, పట్టుమని నలభై గళ్ళు. ముక్కు లేదు. రెండు కళ్ళు, చిన్న నోరు. కానీ ఎడమ కన్ను కుడి కన్ను కంటే ఒక గడి కిందికి ఉంది. నిద్ర చాలనప్పుడు కుమ్‌హీకి ఆ కన్ను అలా వాలిపోయేది. ఏడిపించేవాళ్ళందరూ. ఆ సంగతి జమ్‌సున్‌కి ఈ క్షణం వరకూ గుర్తే లేదు.

"ఓసి నీ," అంది చిన్నగా. "ఇంకా నిద్ర తీరలేదా నీకు?"

ఫోను మూయకుండానే బల్ల మీద పెట్టింది. కాళ్ళ దగ్గర హీటరు వేసుకుని చేతుల మీద తల వాల్చింది.

"కాసేపు పడుకుంటా. షిఫ్టు మారేటప్పుడు లేపండి."

"ఇక్కడ షిఫ్టులెక్కడివి పిన్నీ," అని నవ్వాడు డోంగ్‌చాన్.

పాపం అలిసిపోయిందని వాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. హెరిమ్ తన కోటు తెచ్చి కప్పింది. కప్పేటప్పుడు చెయ్యి తగిలితే వెచ్చగానే ఉంది. గంట గడిచాక బస్సుకి ఆలస్యమవుతుందని లేపబోతే తెలిసింది, ఆ వెచ్చదనం హీటరుదని. గుండె ఆగిపోయి చాలాసేపయిందన్నారు ఆస్పత్రిలో.

కున్‌సాన్ నుంచి చెల్లెలు వచ్చింది. అంతా అయ్యాక అక్క నమూనాలు గీసుకునే గళ్ళ పుస్తకం, చెప్పులు తీసుకెళ్ళింది. మెత్త మీకే ఉంచుకోండి అంది.

సెలవులు గడిచాక మొదట వచ్చి తాళం తీసింది డోంగ్‌చానే. వారం రోజులుగా మేడ మొత్తానికి వేడి ఆపేశారు. కుళాయిలో నీళ్ళు గడ్డకట్టాయి, నోటి ముందు ఆవిరి పొగలా లేస్తోంది. ఆటని అలాగే తీసుకున్నామని ఫోన్ కంపెనీ నుంచి కబురు వచ్చి ఉంది, బరువు సరిగ్గా ఉందట. వెండి ఫోనుకి బ్యాటరీ పెట్టి ఒక్కసారి ఆడి చూశాడు. పొయ్యి పక్కన జడ అమ్మాయి ఇటు తిరిగి కళ్ళార్పుతోంది. వీధి చివర, ఖాళీగా ఉండాల్సిన చోట, పొట్టి జుట్టు మనిషి ఒకతె వీపు తిప్పి నిలబడి ఉంది. ఆ మనిషి ఎప్పుడైనా తిరుగుతుందేమోనని అతను ఎదురు చూడలేదు. బ్యాటరీ ఊడదీసి ఫోన్ని డబ్బాలో వేశాడు.

తర్వాత ఆ కుర్చీ దగ్గరికి వెళ్ళి, గ్లవ్ తీసి చెయ్యి పెట్టాడు. రంగు రంగు చారల ఆ ఉన్ని మెత్త, మధ్యలో కాస్త నొక్కుకుపోయి, ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినంత వెచ్చగా ఉంది.