ఉత్తకడవ

"నీళ్లకు పోయి ఉత్తకడవతో ఇల్లు చేరిన ఆడదాన్ని నా పుట్టుకలో నిన్నే చూస్తాండా," అన్నది విశ్వాసమ్మ. పొయ్యి ముందు కూర్చుని సజ్జరొట్టె తడుతున్న ఆమె తల కూడా ఎత్తలేదు. కడవ కింద పెట్టిన చప్పుడుకే అది ఉత్తదని తెలిసిపోయింది.

కోడలు జ్ఞానమణి చంకలోని బిడ్డను గుడ్డ ఉయ్యాలలో వేసి, గోడకు ఆనుకుని నిలబడింది. మిషను వాళ్లు తవ్వించిన బావి పేటకు ఆ కొసన ఉంది. ఎండాకాలం వచ్చిందంటే నీళ్లు అడుగంటిపోతాయి. బొక్కెన నీటిని తాకిన చప్పుడు కూడా తీరిగ్గా పైకి వస్తుంది. ఆ చప్పుడు కోసం గట్టు మీద నుంచి వంగినప్పుడే ఆ తలపు వచ్చింది. ఒక చేతిలో చేంతాడు బరువు, ఒక చంకలో బిడ్డ బరువు. రెండూ ఒకటే మాదిరి అనిపించాయి. ఏది వదిలినా చేతులకు సుఖంగా ఉంటుందనిపించింది. అనిపించిన మరుక్షణం చేంతాడు రాతిస్తంభానికి చుట్టేసి, బిడ్డను చంకకు అదుముకుని, కడవ చేతపట్టుకుని, వెనక్కి తిరిగి చూడకుండా ఇల్లు చేరింది. నీళ్ల మాటే మరిచిపోయింది.

తొలిచూలు బిడ్డ కళ్లు తెరవకుండానే పోయింది. ఇది రెండోది, ఆడపిల్ల, బొద్దుగా ఉంది. "దేవుడు పోగొట్టిందానికి బదులిచ్చినాడు, ఇంక నగుతా ఉండు," అన్నారు అందరూ. ఆమెకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఏడిస్తే పాలిచ్చేది, తడిపితే గుడ్డ మార్చేది, పక్కింటి వాళ్ల బిడ్డకు చేసిపెట్టినట్టు. కోడి కూయకముందే లేచి తిరగలి విసరాలి. ఇల్లు ఊడ్చాక బడి ఊడ్వాలి, గుడి ఊడ్వాలి, గుడి దీపాలు తుడిచి నూనె పోయాలి. భర్త ఏసేపు మిషను బడిలో అయ్యవారు. "అయ్యవారి భార్య అంటే సగం అయ్యవారే కదమ్మా," అని పాస్టరుగారు ఆ ఉద్యోగం వచ్చిననాడే చెప్పాడు. జీతంలో సగం అని మాత్రం ఎవరూ అనలేదు. ఆనాటి నుంచి భర్తను 'మీరు' అనాలని అత్త నేర్పింది. అంతకు ముందు 'నువ్వు' అన్నప్పుడు అతనితో నాలుగు మాటలు చెప్పుకునేది. 'మీరు' వచ్చాక ఆ నాలుగూ రెండయ్యాయి.

ఆ రెండింటిలో ఒకటిగా, ఆ సాయంత్రం అతనికి చెప్పబోయింది. "బావి కాడికి పోవాలంటే నాకు..." అనేసరికి అతను లేచి పెట్టె మీది బైబిలు తెచ్చాడు. ఒక వాక్యం చదివాడు. మంచి వాక్యమే. చదివి మూసి, "మనసుకు సమాధానం కలిగిందా?" అని అడిగాడు. కలిగిందని చెప్పింది. చెప్పకపోతే ఇంకొకటి చదువుతాడు.

ఏసేపు చెడ్డవాడు కాడు. పిల్లలు లెక్క తప్పు చేస్తే కూడా సగం వినకముందే సరైన లెక్క తానే చెప్పేస్తాడు. అది మంచితనమే అనుకుంటాడు.

తరువాత పాస్టరమ్మ దగ్గరికి పోయింది. పాస్టరమ్మ చేయి పట్టుకుని, వీపు నిమిరి, కన్నీళ్లు కూడా పెట్టుకుంది. అంత మెత్తని మనిషికి కూడా జ్ఞానమణి సగమే చెప్పింది. బావిని చూస్తే భయమేస్తుందని చెప్పి, బిడ్డ మాట మింగేసింది. మింగేయడమే మేలయింది. ఆ వారం పక్కింటి గిడ్డమ్మ ఇంట్లో ప్రార్థన కూటం జరిగింది. అందరూ కళ్లు మూసుకుని ఉండగా పాస్టరమ్మ గొంతు ఎత్తుకుంది: "ప్రభువా, బావి దగ్గర సైతాను శోధనలో పడుతున్న నీ దాసురాలు జ్ఞానమణిని కనికరించుము. అయ్యవారి ఇంటిని ఆ చీకటి నుండి విడిపించుము..."

ఆమేన్ అన్నారు అందరూ. జ్ఞానమణి కళ్లు తెరిచేసరికి అందరి కళ్లూ ఆమె మీదే ఉన్నాయి. చాడీ చెప్పిన మనిషితోనైతే పోట్లాడవచ్చు. నీ కోసం ప్రార్థన చేసిన మనిషితో ఏమని పోట్లాడతావు?

మరునాటి నుంచి విశ్వాసమ్మ బిడ్డను తన ఒడిలోనే పెట్టుకుంది. పాల వేళకు అందించడం, తాగగానే లాక్కోవడం. బడిలో పెద్దపిల్లలు గుసగుసలాడారని ఏసేపు అన్నం దగ్గర చెప్పాడు. చెప్పి, తన తీర్మానం వినిపించాడు.

"కోతల పండగ కూటంలో లేచి సాక్ష్యం చెప్పు. మనసులో ఉండేదంతా సంఘం ముందర ఒప్పుకో. అప్పుడే విడుదల. లేదంటే బిడ్డను ఎర్రగుంట్లలో మా అక్క కాడ విడిచిపెడదాం, నీకు బాగయ్యేదాకా."

బిడ్డను చూస్తే ఏమీ అనిపించని తను ఆ మాట వినగానే అత్త ఒడి వైపు ఎందుకు తిరిగి చూసిందో జ్ఞానమణికి అర్థం కాలేదు. కూటంలో లేచి నిజం చెబితే బిడ్డను ఆనాడే పంపించేస్తారు. చెప్పకపోతే పండగ దాటాక పంపిస్తారు. ఎవరితోనైనా మొత్తం మాట చెప్పుకోకపోతే తనకు తానే దక్కనన్న సంగతి మాత్రం ఆమెకు తెలుసు. చెప్పుకోవాలి. ఎవరికి?

పుట్టింటి నుంచి అమ్మ చూడ్డానికి వచ్చింది. ఇద్దరూ కంది పుల్లలు ఏరుకునే నెపంతో చేలగట్టుకు పోయారు. "అమ్మా, నాకు బిడ్డంటే..." అన్నదో లేదో, అమ్మ చేత్తో ఆమె నోరు మూసింది. "వద్దే తల్లీ. ఎవురికీ చెప్పాకు. నాకు గూడా చెప్పాకు. ఆ మాట ఇంటే నేను బతకలేను." అమ్మ చేతికి కందిపుల్లల వాసన. ఆ చేయి తీసేదాకా జ్ఞానమణి ఊపిరి బిగబట్టింది. అమ్మ ఎవరికీ చెప్పే మనిషి కాదు. వినే మనిషి కూడా కాదు.

గిడ్డమ్మ తోడుకోడలి కంటే ఎక్కువ. తిరగలికి అటు ఆమె, ఇటు ఈమె. కూటం దెబ్బ తిన్నాక జ్ఞానమణికి తెలివి వచ్చింది. ముందు చిన్న మాట వేసి చూద్దామనుకుంది. విసురుతూ, "మా అత్త దాచిన గుడ్డొకటి ఉడకేసుకుని తిన్యా, ఎవురికీ చెప్పాకు," అన్నది. తినలేదు. పొద్దు గూకకముందే విశ్వాసమ్మ గంప కింద చూసి, "గుడ్లు యాడికి పోతాండాయో ఇప్పుడు తెలిసె," అన్నది. జ్ఞానమణికి కోపం రాలేదు. నవ్వు వచ్చింది, చాలా రోజుల తరువాత. గుడ్డుతోనే పోయింది, నయం.

ఆ గిడ్డమ్మే తరువాత దారి చూపించింది, తెలియకుండా. మిషను ఆసుపత్రి నర్సు రూతమ్మ ప్రతి బేస్తవారం ఎద్దులబండిలో వచ్చి, బడి వసారాలో మందులపెట్టె తెరుచుకుని కూర్చుంటుంది. ఆమె అంటే పేటలో ఎవరికీ గిట్టదు. "ఏం మనిషో," అన్నది గిడ్డమ్మ తిరగలి తిప్పుతూ. "శానా పొగరు. ఈ సుట్టుపక్కల ఊర్ల ఆడోళ్ల సంగతులన్నీ ఆమెకు తెలుసు. ఒక్కటంటే ఒక్కటి కక్కదు. అడిగితే 'నీకేంటికి' అంటాది."

జ్ఞానమణి తిరగలి ఆపేసింది. "ఏమే, గింజలైపాయనా?" అన్నది గిడ్డమ్మ. "లేదు," అని మళ్లీ తిప్పింది.

ఆ బేస్తవారం వరసలో నిలబడింది. తన వంతు రాగానే, రూతమ్మ "ఏమి?" అని అడిగింది. బడి గడప మీద నుంచి ఏసేపు అందుకున్నాడు. "నిద్ర ఉండదమ్మా. తిండి సయించదు. బలానికి ఏమన్నా మందు ఇయ్యి."

రూతమ్మ అతని వైపు చూసింది. "ఆమెకు నోట్లో పుండేమన్నా ఉండాదా, అయ్యవారూ?"

"లేదే."

"మరి నువ్వు బడిలోకి పోప్పా. పిల్లోళ్లు కొట్టుకుంటాండారు."

పిల్లలేమీ కొట్టుకోవడం లేదు. అయినా అతను లోపలికి పోయాడు. జ్ఞానమణి ముందుకు వంగి, గొంతు తగ్గించి, తనకు తెలిసిన అన్నింటికన్నా ప్రమాదమైన మాట తీసి ముందు పెట్టింది: "మా అత్త బొట్టుపెట్టె అడుగున తాయెత్తు దాచిపెట్టుకోనుండాది." సంఘంలో ముందు వరసలో కూర్చునే విశ్వాసమ్మ గురించి ఆ మాట బయట పడితే పేట పేటంతా అంటుకుంటుంది. ఇది గుడ్డు కాదు. రూతమ్మ సీసా మూత బిగిస్తూ, "వచ్చే బేస్తవారం రా," అన్నది. అంతే.

వారమంతా జ్ఞానమణి అత్త ముఖం చూస్తూ గడిపింది. పాస్టరమ్మ ప్రార్థనల్లో ప్రతి మాటా చెవి పెట్టి విన్నది. తాయెత్తు ఎక్కడా తేలలేదు.

మళ్లీ బేస్తవారం, అందరూ పోయేదాకా కూర్చుని, చెప్పింది. బిడ్డ అంటే ఏమీ అనిపించదని. రెండు బరువులూ ఒకటే అనిపించాయని. తన చేతులంటే తనకే భయమని. చెప్తూ ఉంటే మాటలు తడబడి ముందుకీ వెనక్కీ పోయాయి. రూతమ్మ సర్దలేదు. వాక్యం చెప్పలేదు, చేత్తో నోరు మూయలేదు, అయ్యో అనలేదు. ఆమె చేతిలోని పట్టీ సగం చుట్టి అట్లే ఉండిపోయింది.

"అప్పుడేం చేస్తివి?"

"వచ్చేసినా."

"కడవ?"

"ఉత్తదే తెచ్చినా. అత్త ఇప్పటికీ దెప్పుతాండాది."

"బిడ్డ?"

"చంకలో."

రూతమ్మ పట్టీ చుట్టడం ముగించి పెట్టెలో పెట్టింది. "ఉత్తకడవను అందరూ చూసిరి," అన్నది. "బిడ్డను తెచ్చుకున్యావు గదా మ్మే, అది ఎవురూ చూడకపోయిరి."

జ్ఞానమణి ఏడ్చింది. తొలి బిడ్డకు ఏడవాల్సిన ఏడుపు కూడా అందులోనే వచ్చింది.

"దీనికి నా పెట్టెలో మందు లేదు," అన్నది రూతమ్మ, ఏడుపు తగ్గాక. "నాకు తెలిసింది ఒకటే. కొన్నాళ్లు బావి కాడికి పోవాకు, ఇంకొకరు చేదుతారు. ఒంటిగా ఉండాకు. బేస్తవారం రా. చెప్పేది లేకపోయినా వచ్చి కూర్చో."

కోతల పండగ వచ్చింది. గుడి ముందు సజ్జ కంకులు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. పాస్టరుగారు సాక్ష్యాలకు పిలిచాడు. ఏసేపు మగవాళ్ల వైపు నుంచి కళ్లతోనే 'లే' అన్నాడు. జ్ఞానమణి లేచింది. గుడిలో తలలన్నీ ఆమె వైపు తిరిగాయి.

"మా అత్తకు మోకాళ్ల నొప్పులు," అన్నది. "వంగి లేయలేకుండాది. ఆమె కోసరం ప్రార్థన చేయండి."

కూర్చుంది. విశ్వాసమ్మ ఏమనుకోవాలో తోచక మోకాలు తడుముకుంది.

ఇంటికి రాగానే ఏసేపు అడిగాడు. "నీ మాట చెప్పలేదే?"

"చెప్పుకున్యా."

"ఎవురికి?"

"ఇనే మనిషికి."

"అయితే బిడ్డను ఎర్రగుంట్లకు..."

"బిడ్డ యాడికీ పోదు." అత్త ఒడిలోంచి బిడ్డను తీసుకుంది. తన చేతులంటే భయం ఇంకా పోలేదు, ఎప్పుడు పోతుందో తెలియదు. "నాకు బాగలేదు. బాగయ్యేదాకా బేస్తవారం నేను వసారాలో కూర్చుంటా. బావి కాడికి పోను. నన్ను ఒంటిగా విడిచిపెట్టొద్దండి."

"మరి నీళ్లు?" అన్నాడు అతను. నిజంగానే తెలియక అడిగాడు. "అమ్మకు మోకాళ్లు. నువ్వేమో పోను అంటివి. ఎవురు తెస్తారు?"

జ్ఞానమణి బిడ్డను చంకన సర్దుకుని, మూలనున్న కడవ తెచ్చి అతని ముందు పెట్టింది. ఆ చప్పుడుకు, ఈసారి, విశ్వాసమ్మ తల ఎత్తి చూసింది.