సైకిలు పిల్ల బేరం

నంద్యాల బట్టలంగట్లో హన్నమ్మ ఒక చీర పట్టుకుంటే తొందరగా వదలదు. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది క్రిస్మస్ బట్టల కోసం ఆళ్లగడ్డలో తొలి బస్సెక్కి వచ్చిన మనిషి, ఊరికే లేస్తుందా! తల్లి ఎంత ఆలస్యం చేస్తే రూతుకు అంత పండగ. ఎందుకంటే అంగడివాళ్ల అమ్మాయి భ్రమరాంబకూ రూతుకూ ఒకటే పిచ్చి, బొమ్మలు.

కొత్త తానుల మీద మిల్లువాళ్లు అంటించి పంపే రంగు బొమ్మల చీటీలను భ్రమరాంబ నీళ్లతో తడిపి, మెల్లగా ఊడదీసి, ఒక ట్రంకుపెట్టె నిండా దాచింది. రూతుకు చర్చిలో ఆదివారం బడికి పోయినప్పుడల్లా ఒక బొమ్మ కార్డు ఇస్తారు. గొర్రెపిల్లలు, మంచు కొండలు, మెరుపు పొడి చల్లిన నక్షత్రాలు. పోయిన క్రిస్మస్‌కు ఇదే అంగట్లో ఒకరి సంగతి ఒకరికి తెలిసిపోయింది. అప్పట్నుంచి రూతు ఈ రోజు కోసమే కాచుకుని ఉంది. దాచుకున్న కార్డులన్నీ వెంట తెచ్చి ఒళ్లో పెట్టుకుంది.

ట్రంకుపెట్టెలో ఏనుగులూ నెమళ్లూ దాటాక, అడుగున ఓ చీటీ కనిపించింది. ఓణీ వేసుకున్న పిల్ల సైకిలు తొక్కుతోంది. చీటీకి ఒక మూల చినిగింది. రూతు కళ్లు దానికే అతుక్కుపోయాయి.

"అది కావాల్నా? ఎన్ని కార్డులిస్తావ్?" అంది భ్రమరాంబ.

బళ్లో హాజరు పలికినా రూతు గొంతు ముందు బెంచీ దాటదు. ఇంత జనంలో బేరమా? కానీ సంతలో నాయన మోషే ఎద్దులమ్మడం ఆమె చాలాసార్లు చూసింది. అమ్మేవాడూ కొనేవాడూ తువ్వాలు కింద చేతులు కలుపుతారు. ఎన్ని వేళ్లు నొక్కితే అంత ధర. చుట్టూ ఉన్నవాళ్లకు ఏమీ తెలియదు. రూతు పక్కనున్న తానులోంచి గుడ్డ కొస లాగి చేతి మీద కప్పుకుని, చెయ్యి ముందుకు చాపింది.

"ఏందమ్మే ఇది? ఎద్దును కొంటాండావా?" అని కిసుక్కున నవ్వి, భ్రమరాంబ కూడా చెయ్యి దూర్చింది.

రూతు నాలుగు వేళ్లు నొక్కింది. భ్రమరాంబ తల అడ్డంగా ఊపి మూడే నొక్కింది. రూతుకు రోషం వచ్చింది. సైకిలు పిల్ల మూడు కార్డులదా? అయిదు నొక్కింది. భ్రమరాంబ రెండు నొక్కింది. రూతు అయిదు నొక్కి, వదిలి, మళ్లీ అయిదు నొక్కింది. నవ్వాపుకోలేక ఇద్దరూ ఊగిపోతుంటే గుడ్డ కూడా ఊగింది.

డబ్బు పెట్టె దగ్గర కూర్చున్న భ్రమరాంబ అవ్వ వెంకటరమణమ్మ ఇటు తిరిగింది. "ఏందే ఆ గుడ్డ కింద? ఎలక దూరిందా?"

"బేరమవ్వా!"

"యాడికొచ్చింది?"

"నేను రెండంటాండా. ఈ పిల్ల పదంటాంది."

"అమ్మేదెవరు?"

"నేనే."

అవ్వ కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది. "అమ్మేదానివి దిగతాండావు, కొనేది ఎక్కతాంది. ఇంక అంగడి మూసుకుందామా?"

"చినిగిన చీటీ గదవ్వా. ఆ కార్డులు చూడు, ఎట్ల మెరుస్తాండాయో! పది తీసుకుంటే మోసం గాదా?"

మోసమంటే అది కాదని రూతుకు చెప్పాలనిపించింది. కార్డులు ఆదివారం ఆదివారం ఊరికే వస్తాయి. ఈ పిల్ల మళ్లీ యాడ దొరుకుతుంది?

"అంత ఏముందమ్మా దాంట్లో?" అని అవ్వ రూతునే అడిగింది.

రూతు తల్లి వైపు చూసింది. హన్నమ్మ పచ్చ చీర అంచులో మునిగిపోయి ఉంది.

"ఆ పిల్ల... హ్యాండిలు వదిలేసిందవ్వా."

"ఏందీ?"

"రెండు చేతులూ వదిలేసి తొక్కుతాంది. నవ్వుతాంది."

"యాడ?" భ్రమరాంబ చీటీ లాక్కుని కళ్ల దగ్గర పెట్టుకుంది. "అవునవ్వో! ఇన్నాళ్లూ నేను చూడనేలే!" మరుక్షణం చీటీ ఆమె వీపు వెనక్కు పోయింది. "ఇది నేనియ్యను పో!"

రూతు నాలిక కరుచుకుంది. ఎప్పుడూ తెరవని నోరు ఇప్పుడే తెరవాలా!

"చెయ్యి పట్టి రెండంటివా లేదా?" అంది అవ్వ.

"అప్పుడు నాకు తెల్దు గదవ్వా!"

"తెలీక అమ్మినా అమ్మినట్లే. రెండు తీసుకోని ఇచ్చెయ్."

భ్రమరాంబ చీటీ అందించింది గానీ, కళ్లు మాత్రం దాని మీదే ఉన్నాయి. రూతు రెండు కార్డులు తీసింది. ఆ మొహం చూసి ఇంకో రెండు తీసింది. తర్వాత నక్షత్రాల కార్డుతో సహా పదీ ఆమె ఒళ్లో పెట్టేసింది.

"రెండేనంట గదా!" అంది భ్రమరాంబ ఉక్రోషంగా.

"నువ్వు రెండంటివి. నేను పదంటిని. నాది మాత్రం మాట గాదా అక్కా?"

"ఓయబ్బ! నోరుందే ఈ పిల్లకు!" అని అవ్వ పకపకా నవ్వింది. నక్షత్రాలను వేలితో రుద్ది, వేలికంటిన మెరుపును అవ్వ ముక్కుకు పూసి, భ్రమరాంబ కూడా నవ్వేసింది.

సాయంత్రం ఆళ్లగడ్డ బస్సు కదలబోతుంటే చెప్పులైనా వేసుకోకుండా భ్రమరాంబ పరిగెత్తుకొచ్చింది. "రూతూ! వచ్చే క్రిస్మస్‌కు ఇరవై చీటీలిస్తా! ఏనుగులన్నీ ఇస్తా! సైకిలు పిల్లను నాకియ్యి!"

బస్సంతా తిరిగి చూసింది. హన్నమ్మ కూతురి జబ్బ పట్టి లాగింది. రూతు చీటీని గుండెకు అదుముకుని, కిటికీలోంచి తల బయటపెట్టి, ఉన్న గొంతంతా పెట్టి అరిచింది.

"ఇయ్యను!"

కండక్టరు ఉలిక్కిపడి "రైట్ రైట్" అనేశాడు. ఇంకా ఎక్కని ఇద్దరు పెద్దమనుషులు పంచెలు ఎగ్గట్టి బస్సు వెంట పడ్డారు. వాళ్ల వెనక భ్రమరాంబ పొట్ట పట్టుకుని, రోడ్డు మధ్యలో నిలబడి నవ్వుతూనే ఉంది.