డ్రైవరు లేని బస్సు

పరీక్షలు అయిపోయాయంటే కంప్యూటర్ మేడమ్‌కి ఊపిరి సలపదు. స్కూలు ఇచ్చిన ల్యాప్‌టాప్‌లన్నీ పిల్లలు తెచ్చి ఆవిడ గదిలో బల్లల మీద దొంతర్లుగా పెట్టి పోతారు. ఒక్కొక్కటే తీసి బోర్లించి దులపాలి. మీటల సందుల్లోంచి బిస్కెట్ల పొడి, పెన్సిలు చెక్కు, ఒకోసారి ఊడిన పాలపన్ను కూడా రాలుతుంది. మూత మీద అంటించిన బొమ్మలు గోటితో గీకి తియ్యాలి. ఆ తర్వాత రీసెట్ నొక్కి, అది లోపలున్నదంతా తుడుచుకుని మళ్ళీ లేచేదాకా ఇంకోదాన్ని దులపాలి. ఇదంతా ఆవిడకి చేతికి అలవాటైన పని, కళ్ళు మూసుకుని చేసేస్తుంది.

ప్రాణం తీసేవి ఫోన్లే. స్కూలు చదువు ముగించి వెళ్ళే పిల్లలు తమ ల్యాప్‌టాప్ తామే ఉంచేసుకోవచ్చు. ఇంకేం, తల్లిదండ్రులకి ఆత్రం. ఇంట్లో వాళ్ళంతట వాళ్ళే రీసెట్ చేసేసి, ఎన్నిసార్లు చేసినా మళ్ళీ స్కూలు పేరే వస్తోందేంటి మేడమ్ అని ఒకటే ఫోన్లు. ఆవిడ అందరికీ ఒకే పాఠం అప్పజెప్పేది. రీసెట్ చేస్తే లోపలి సరుకు పోతుందండీ, స్కూలు పట్టు పోదు. నెట్టు తగలగానే తను ఎవరిదో దానికి గుర్తొచ్చేస్తుంది. మేము ఇక్కణ్ణుంచి వదిలితేనే అది మీదవుతుంది.

స్కూలు పట్టంటే మామూలు పట్టు కాదు మరి. మేడమ్ తన గదిలో కూర్చుని దేనికైనా అడ్డం పెడితే, ల్యాప్‌టాప్‌లోనే కాదు, ఆ పిల్లలకి బయట కూడా అది కనపడదు, వినపడదు. ఐస్‌క్రీం కొట్టుకి అడ్డం పెడితే కొట్టున్న చోట వాళ్ళకి ఉత్త గోడ. పెద్దవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి. పంటి డాక్టరు చెప్పాడని మిఠాయి కొట్టు ఆపించినవాళ్ళు ఉన్నారు. పక్కింటి కుక్కంటే హడలి చచ్చే పిల్లాడికి ఆ కుక్కనే ఆపించారు. పాపం, ఆ కుక్క మాత్రం ఏళ్ళ తరబడి వాణ్ణి చూసి తోకాడిస్తూనే ఉంది. చదువైపోయి, పట్టు వదిలిన రోజున పిల్లలు వరండాలోకొచ్చి కాసేపు బిత్తరచూపులు చూస్తారు. ఓహో, ఇక్కడింకో సందుందా అనుకుని ఇంటికి పోతారు.

మేడమ్ కూతురు పండు కూడా ఈ ఏడే స్కూలు చదువు ముగించింది. దాని ల్యాప్‌టాప్‌లో ఆవిడ ప్రత్యేకంగా అడ్డం పెట్టింది ఒక్కటే. వాళ్ళ నాన్నకి.

పండు చిన్నప్పుడు ఆయన వేరే ఊళ్ళో ఇంకొకావిడతో కాపురం పెట్టాడు. పిల్ల రోజూ గుమ్మంలో కూర్చుని ఎదురుచూసేది. తిండి మానేసింది, జ్వరం తెచ్చుకుంది. నాన్న ఎప్పుడొస్తాడని అడిగీ అడిగీ ఆఖరికి అడగడం మానేసింది. హమ్మయ్య అని తల్లి కాస్త తెరిపిన పడిందో లేదో, పండు ఆరో క్లాసులో ఉండగా ఒక మధ్యాహ్నం ఆయన స్కూలు గేటు దగ్గర ప్రత్యక్షమయ్యాడు. అక్కడి కాపురం చెడిందట, తిరిగొచ్చేశాడు. కిటికీలోంచి చూసిన మేడమ్‌కి ఒళ్ళు మండిపోయింది. పిల్ల మళ్ళీ గుమ్మంలో కూర్చోవడం కళ్ళ ముందు కనపడింది. బడి వదిలే గంట కొట్టేలోపు అడ్డం పెట్టేసింది. గంట కొట్టారు. పండు ఆయన పక్కనించే నడిచింది. ఆయన పేరు పెట్టి పిలిచాడు. అది చెప్పులో దూరిన ఇసక దులుపుకుని తన దారిన తను పోయింది.

ఆయన గొడవ పడలేదు. పడడానికి మొహం చెల్లలేదు. కొన్నాళ్ళకి సిటీ బస్సు డ్రైవరుగా చేరి, స్కూలు మీదుగా పోయే రూటు కావాలని అడిగి మరీ వేయించుకున్నాడు. అప్పట్నుంచీ పండు పొద్దునా సాయంత్రం ఎక్కేది ఆ బస్సే.

పండు మటుకు ఆ బస్సుకి డ్రైవరు లేడనే అనుకుంది. మొదట్లో ఓసారి కండక్టర్ని అడిగింది కూడా. ఆయన డ్రైవరు కేసి ఓ చూపు చూసి, ఇది తెలివైన బస్సమ్మా, దారి దానికే తెలుసు అన్నాడు. కాబోలు అనుకుంది. రోజూ ఎక్కేవాళ్ళందరికీ సంగతి తెలుసు. వాళ్ళమ్మ అడ్డం పెట్టిందట అని చెవులు కొరుక్కుని, మనకెందుకులే అని ఊరుకున్నారు. ముందు సీటు మాత్రం ఎవరూ చెప్పకుండానే ఆ పిల్లకి వదిలేసేవాళ్ళు.

ఇంటికొచ్చి పండు బస్సు కబుర్లు చెప్పేది. నేను లేటైతే నాకోసం ఆగుతుందమ్మా. వానొస్తే స్టాపు దాటి మన మెట్ల ముందుకొచ్చి ఆపుతుంది. పరీక్షలప్పుడైతే ఒక్క కుదుపుంటే ఒట్టు. తల్లి ఊఁ కొట్టేది. ఆ ఊఁ కొట్టడానికి ఆవిడ పడ్డ పాట్లు ఆవిడకే తెలుసు. ఏటా ల్యాప్‌టాప్ రీసెట్ చేసినప్పుడల్లా ఆ అడ్డం తీసేద్దామా అనుకునేది. అంతలోనే, ఈ ఏడు వద్దులే, ఇంకాస్త పెద్దదవనీ అనుకునేది. రీసెట్‌లో పిల్ల రాసుకున్న పాఠాలు, గీసుకున్న బొమ్మలు అన్నీ పోయేవి, అదొక్కటీ ఉండిపోయేది.

ఇప్పుడు పండుకి దూరాన వేరే ఊళ్ళో కాలేజీ సీటొచ్చింది. సోమవారం చేరాలి. కాలేజీవాళ్ళ ప్రోగ్రాములు ఎక్కించాలంటే స్కూలు పట్టు వదలాలి. వదలమ్మా, వదలమ్మా అని అది ప్రాణాలు తోడేస్తోంది. తల్లి ఒకరోజు సర్వరు పనిచెయ్యట్లేదంది, ఒకరోజు ప్రిన్సిపాలు సెలవంది. ఊళ్ళోవాళ్ళ పిల్లలవన్నీ వదిలి, కన్నకూతురిది మాత్రం దొంతర అడుక్కి తోసింది. ఇక తప్పక ఒకనాడు ఇంటికి తెచ్చి దాని ఎదురుగా రీసెట్ చేసింది. అందరికీ పాఠం చెప్పే మనిషికి రీసెట్‌తో పట్టు పోదని తెలియదా. ఏదో చేశాననిపించుకోవడానికి చేసింది. ల్యాప్‌టాప్ మళ్ళీ లేచి శుభ్రంగా స్కూలు పేరే చూపించింది. పండు పకపకా నవ్వి, ఇదేంటమ్మా, నువ్వు కూడానా అంది.

ఆవిడ భయం ఒకటే. పట్టు వదిలితే పిల్లకి తండ్రి కనిపిస్తాడు. కనిపిస్తే ఇన్నేళ్ళూ కనపడకుండా చేసిందెవరో తెలిసిపోతుంది. తెలిశాక సోమవారం అది పెట్టె పట్టుకుని వెళ్తుంది. అలా వెళ్ళిన పిల్ల మళ్ళీ ఈ ఇంటి మెట్లెక్కుతుందా?

శుక్రవారం సాయంత్రం ఆవిడ ఇంటికొచ్చేసరికి పండు కుట్టుమిషను ముందు కూర్చుని పాత కర్టెను గుడ్డేదో కుడుతోంది. ఏంటే ఇది అని అడిగింది.

"బస్సుకమ్మా. రేపు టీసీ తెచ్చుకోడానికి స్కూలుకెళ్ళాలి కదా, నేనెక్కడం అదే ఆఖరు. ఇన్నేళ్ళు మోసినందుకు ఏదో ఒకటి ఇవ్వద్దూ? డ్రైవరు సీటు పూర్తిగా చిరిగిపోయి స్పాంజి బయటికొచ్చింది. దానికి తొడుగు కుడుతున్నా." పంటితో దారం కొరికి, గుడ్డని వెలుతురుకి పెట్టి చూసుకుంది. "ఎవరూ కూర్చోని సీటు అంతలా ఎందుకు అరిగిపోయిందో మరి."

ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో నోట్లో చెంగు కుక్కుకుని ఏడ్చింది. చాలాసేపటికి మొహం కడుక్కుని వచ్చి, రేపు స్కూలుకొచ్చినప్పుడు నా గదికి రా, వదిలేస్తాను అంది.

మర్నాడు శనివారం, ఒంటిపూట బడి. గదిలో తల్లీకూతుళ్ళిద్దరే ఉన్నారు. మేడమ్ రీసెట్ నొక్కింది. తెర మీద గీత మెల్లగా నిండుతోంది. అది నిండేలోపు చెప్పకపోతే ఇక చెప్పలేనని ఆవిడకి తెలుసు.

"పండూ, ఇందులో నేనొకదానికి అడ్డం పెట్టాను. నీ ఆరో క్లాసులో."

"దేనికి, మిఠాయి కొట్టుకా?"

"మీ నాన్నకి."

పండు నవ్వబోయి ఆగిపోయింది. తల్లి మొహంలోకి చూసింది.

"నాన్న తిరిగొచ్చాడా?"

"ఆరో క్లాసప్పుడే వచ్చాడు. ఈ ఊళ్ళోనే ఉన్నాడు."

"ఎక్కడ?"

ఆవిడ తెర మీది గీత కేసి చూసింది. నీ బస్సులో అంది.

పండు ఒళ్ళో ఉన్న సంచీ కేసి చూసుకుంది. అందులో మడతపెట్టిన తొడుగుంది.

"ఆ సీట్లోనా?"

తల్లి తలాడించింది. ల్యాప్‌టాప్ లేచి స్కూలు పేరు చూపించింది. ఆవిడ తన కంప్యూటర్ కేసి తిరిగి, పండు పేరు వెతికి, వదలమని నొక్కింది. నిజంగా వదలాలా అని అది ఇంకోసారి అడిగింది. ఆవిడ నొక్కేసింది. అయిపోయిందే అని తలెత్తేసరికి కుర్చీలో పిల్ల లేదు. ల్యాప్‌టాప్ బల్ల మీదే ఉంది, సంచీ తీసుకుపోయింది.

ఆవిడ కిటికీ దగ్గరికి పరుగెత్తింది. గేటు బయట బస్సు ఆగి ఉంది. పండు ముందు తలుపు మెట్టు మీద నిలబడిపోయింది. డ్రైవరు అలవాటు ప్రకారం రోడ్డు కేసే చూస్తున్నాడు. తనని చూడని పిల్లని ఎదురుగా చూడడం కంటే అద్దంలో చూసుకోవడమే తేలికని ఆయన ఎప్పుడో నేర్చుకున్నాడు. పండు ఏదో అంది. ఆయన చేతులు స్టీరింగు మీంచి జారిపోయాయి. కండక్టరు పనేమీ లేకపోయినా కిందికి దిగి బస్సు వెనక్కి వెళ్ళిపోయాడు. ఎవరూ తొందరపెట్టలేదు. చాలాసేపటికి బస్సు కదిలింది.

ఇంటికొచ్చి మేడమ్ బాల్కనీలో కూర్చుంది. బస్సు వాళ్ళ వీధిలోంచే పోతుంది. పోయింది, పండు ముందు సీట్లో ఉంది, దిగలేదు. ఆఖరి స్టాపు దాకా వెళ్ళి తిరిగొచ్చింది, అప్పుడూ దిగలేదు. మళ్ళీ పోయింది, మళ్ళీ వచ్చింది. ఆవిడ వంట చేసింది, మూతలు పెట్టింది, వచ్చి మళ్ళీ అక్కడే కూర్చుంది. ఇక నాతో మాట్లాడదు అనుకుంది. మాట్లాడకపోయినా ఫరవాలేదు, ఒక్కసారి ఇంటికి రానీ అనుకుంది.

పొద్దువాలాక బస్సు వాళ్ళ మెట్ల ముందు ఆగింది. డ్యూటీ మారి ఇంకో డ్రైవరు ఎక్కాడు. పండూ, తండ్రీ దిగారు. ఆయన గేటు బయటే ఆగిపోయాడు. పండు మెట్లెక్కి వచ్చింది. దాని కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"నాన్న కింద ఉన్నాడు. పైకి రమ్మంటావా, వద్దంటావా? ఏదైనా సరే అమ్మా, ఈసారి నా ఎదురుగా చెప్పు."

ఆవిడ కిందికి దిగింది. పండు వెనకాలే వచ్చింది. ఇన్నేళ్ళూ కిటికీలోంచి చూడడమే గాని ఆయన్ని ఇంత దగ్గరగా చూసింది లేదు. జుట్టంతా నెరిసిపోయింది. ఆయన ఏదో చెప్పబోతుంటే ఆవిడే అందుకుంది.

"మీరు నాకు అక్కర్లేదు. అప్పుడూ అక్కర్లేదు, ఇప్పుడూ అక్కర్లేదు. ఆ మాట మీ మొహాన అనే ధైర్యం లేక దాని కళ్ళకి అడ్డం పెట్టాను. అది నేను చేసిన తప్పు."

ఆయన తలొంచుకుని సరేనన్నట్టు ఊపాడు. వెనక్కి తిరగబోయాడు. ఈ పిల్లని కాలేజీలో దింపి రావాలని ఆవిడ ఎన్నేళ్ళుగానో కలలు కంది. వారం ముందే సెలవు పెట్టుకుంది, మంచి చీర తీసి ఇస్త్రీ చేయించుకుంది.

"సోమవారం దీన్ని కాలేజీలో చేర్పించాలి," అంది. "నేను వెళ్ళడం లేదు. మీరు దిగబెట్టి రండి."

పండు మెట్టు దిగి తల్లి పక్కకొచ్చి నిలబడి, తండ్రి మొహాన్ని అలా చూస్తూ ఉండిపోయింది. ఎంత చూసినా దానికి తనివి తీరడం లేదు. ఆవిడ దాని చెయ్యి పట్టుకుందామని చాపి, ఏమంటుందోనని వెనక్కి తీసుకోబోయింది. పండే ఆ చేతిని అందుకుంది, కళ్ళు మాత్రం ఆయన మీంచి తిప్పలేదు.