తిరుగు తేదీ నుంచి ఆరు నెలలు

“మా ఆవిడ గడప దాటకుండానే ఇరవై దేశాలు చుట్టొచ్చింది” అని ఆయన అన్నప్పుడల్లా ఇంటికొచ్చినవాళ్ళు నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది, చేతిలో ట్రే ఒలికిపోకుండా చూసుకుంటూ. ఆ మాటలో అబద్ధం లేదు. పదమూడేళ్ళుగా ఆమె ఒక ప్రయాణాల కంపెనీలో, ఫైళ్ళ బీరువాలకీ మంచినీళ్ళ క్యానుకీ మధ్య ఇరుక్కున్న బల్ల దగ్గర కూర్చుని, విదేశాలకు వెళ్ళేవాళ్ళ కోసం చిన్న చిన్న పుస్తకాలు రాస్తోంది. దేశానికొకటి. కరెంటు ప్లగ్గుకు ఎన్ని కాళ్ళుంటాయి, కుళాయి నీళ్ళు తాగొచ్చా లేదా, ఒంట్లో బాగాలేకపోతే ఏ నంబరుకు ఫోన్ చెయ్యాలి, గుడిలోకైనా చర్చిలోకైనా ఏ బట్టలతో వెళ్ళకూడదు. అట్ట మీద కంపెనీ పేరుంటుంది. రాసిన మనిషి పేరు ఎక్కడా ఉండదు. ఉండాలని ఆమె ఎప్పుడూ అనుకోలేదు కూడా. వాళ్ళింట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి తనే. ఫ్యాను కింద కూర్చుని చేసే ఉద్యోగం దొరకడమే మహాభాగ్యం అనుకుంది.

ఆ ఇరవై పుస్తకాల్లో ఒకటి మాత్రం ఎప్పుడు అచ్చువేసినా అయిపోయేది. “ఇదెవరు రాశారండీ, పక్కన కూర్చుని చెప్పినట్టుంది” అనేవారు తిరిగొచ్చినవాళ్ళు. మిగతావన్నీ ఆమె అక్కడా ఇక్కడా చదివి పోగేసి రాసినవి. అదొక్కటి అక్క చెప్పగా రాసింది.

తను డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉండగా అక్క ఆ దేశం వెళ్ళింది, మంచంలోంచి లేవలేని ఒక ముసలామెను చూసుకునే పనికి. చెల్లెలి చదువు ఆగకూడదని వెళ్ళింది. ఆదివారం ఆదివారం ఫోన్ చేసేది. “ఒసేయ్ చిట్టీ, ఇక్కడ కొట్లోకి అడుగుపెట్టగానే ముందు నమస్కారం చెప్పాలే. చెప్పకుండా ఇదెంత అన్నామా, ఇక వాళ్ళ కళ్ళకి మనం ఆనం.” “బస్సెక్కి టికెట్ అడిగితే డ్రైవరు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడే. టికెట్ ముందే సిగరెట్ల కొట్లో కొనుక్కుని ఎక్కాలట.” “తలుపు దానంతటదే తాళం పడిపోతుంది. చెత్త పారేసి రావడానికెళ్ళి, చలిలో రెండు గంటలు మెట్ల మీద కూర్చున్నా. ముసలామె లోపల్నుంచి ఒకటే పిలుపు.” అక్క ప్రతిదీ నవ్వుతూనే చెప్పేది. ఆమె ఆ మాటల్లోంచి చలిని, మెట్లను, ముసలామె పిలుపును తీసేసి పుస్తకంలో ఇలా రాసింది: గది బయటకు ఒక్క అడుగు వేసినా తాళంచెవి వెంట తీసుకువెళ్ళండి.

పెళ్ళయిన రెండో ఏడు అక్క పోయింది. మూడు రోజులు జ్వరమన్నారు, నాలుగో రోజు లేదన్నారు. ఆమె ఏడుస్తూనే హడావుడిగా పాస్‌పోర్టుకు పెట్టుకుంది. అది చేతికి వచ్చేసరికి అక్కడ అక్కను మట్టిలో పెట్టి రెండు నెలలు దాటింది. “పోయినవాళ్ళకి ఏ మట్టయితేనేం” అన్నాడాయన, ఓదార్పుగానే. ఒక్క ముద్ర కూడా పడని ఆ పాస్‌పోర్టును తీసుకెళ్ళి తన బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఇంటి కాగితాలన్నీ ఆ బీరువాలోనే ఉంటాయి. “నీ చేతికిస్తే పప్పుడబ్బాల మధ్య తేలతాయి” అని ఆయన వేళాకోళం. ఆమె డిగ్రీ పట్టా కూడా అందులోనే ఉంది.

ఈ ఏడాది మొదట్లో ఆ ముసలామె కూతురి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఆ ఊరి శ్మశానంలో చోటు పదేళ్ళకే ఇస్తారట. గడువు ముగిసేలోగా రక్తసంబంధం ఉన్నవాళ్ళెవరైనా స్వయంగా వచ్చి, గుర్తింపు చూపించి సంతకం చేస్తే ఇంకో పదేళ్ళు ఉంచుతారు. ఎవరూ రాకపోతే ఎముకలు తీసి ఉమ్మడి గుంటలో కలిపేసి, ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. అమ్మానాన్నలు లేరు. అక్కకు పెళ్ళి కాలేదు. రక్తసంబంధం అంటే ఇక ఈ భూమ్మీద తనొక్కతే.

ఆయనతో చెప్పింది. ఆయన టీవీ చూస్తూ “ఊఁ, చూద్దాం” అన్నాడు. నెల తర్వాత మళ్ళీ చెప్పింది. “చూద్దామన్నానుగా” అన్నాడు.

అలాంటి సమయంలో, ఆ దేశానికి ఇరవై రెండు మందిని తీసుకెళ్ళాల్సిన గైడు మెట్ల మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. యజమాని ఆమెను అద్దాల గదిలోకి పిలిచి, “ఈసారి నువ్వే వెళ్ళమ్మా. ఆ దేశం సంగతి మనలో నీకన్నా ఎవరికి తెలుసు?” అన్నాడు. ఆమె తేదీలు చూసుకుంది. అక్క గడువు ముగిసేది వాళ్ళు తిరిగొచ్చే రోజుకు సరిగ్గా నాలుగు రోజుల తర్వాత. ఇంటికి వెళ్ళేదాకా ఆగలేక బస్టాపులోనే ఏడ్చేసింది. సంతోషానికి ఏడ్చి ఎన్నేళ్ళయిందో.

ఇంట్లో వారం రోజులు పంచాయితీ నడిచింది. “పన్నెండు రోజులా? పిల్లాడి టిఫినెవరు కడతారు?” అన్నారు అత్తగారు. “నాకు మాత్రల వేళలు తెలియవే అమ్మా, నువ్విస్తే మింగడమేగా!” చివరికి ఆయన పెద్దమనసు చేసుకుని “సరేలే, వెళ్ళిరా. ఇల్లు మాత్రం ఇబ్బంది పడకూడదు” అన్నాడు. దాంతో ఆమె ఇంకో పుస్తకం రాయడానికి కూర్చుంది. గ్యాసు ఎటు తిప్పితే ఆగుతుంది, తువ్వాళ్ళు ఏ అరలో ఉంటాయి, కుళాయి ఏయే రోజుల్లో వస్తుంది, అత్తగారి మాత్రల్లో తెల్లది తినకముందా తిన్నాకా, పిల్లాడి టీచరు ఫోన్ నంబరు, చీపురు ఎక్కడుంటుంది. రాస్తున్నకొద్దీ పెరిగి పద్దెనిమిది పేజీలైంది. విదేశాల పుస్తకాలేవీ పన్నెండు దాటలేదు. పుట్టినప్పటి నుంచీ ఇదే ఇంట్లో ఉన్న మనిషికి ఈ ఇల్లు ఇంత తెలియని దేశమా అని ఒక్క క్షణం కలం ఆపి, మళ్ళీ చీపురు దగ్గర్నుంచి మొదలుపెట్టింది.

ఆఫీసులో ఇరవై రెండు ఫైళ్ళూ తనే సిద్ధం చేసింది. ఆమె పనికో పద్ధతుంది. ముందు ఫొటో చూడదు, పేరు చూడదు. గడువు తేదీ వెతికి, తిరుగు తేదీ నుంచి వేళ్ళ కణుపుల మీద నెలలు లెక్కబెట్టి, ఫైలు మూలన పెన్సిలుతో రాస్తుంది. ఆరు నెలలుండాలి. ఒక్కరోజు తగ్గినా వీసా ఇవ్వరు. ఇరవై పుస్తకాల్లోనూ మొదటి పేజీలో మొదటి వాక్యం అదే. అయిదు నెలల ఇరవై రోజులున్న ఒక పెద్దాయన్ని వెనక్కి పంపితే ఆయన బల్ల గుద్ది మరీ అరిచాడు. “నియమం నాది కాదు సార్, వాళ్ళ దేశంది” అని నెమ్మదిగా చెప్పి, కొత్తది తొందరగా రావడానికి ఎవరిని కలవాలో కాగితం మీద రాసిచ్చింది. ఆయనకు కొత్తది వచ్చింది కూడా.

తన పాస్‌పోర్టు కావాలని ఇంట్లో రోజూ అడుగుతూనే ఉంది. “తాళంచెవి ఆఫీసు బ్యాగులో ఉంది.” “ఇప్పుడే కూర్చున్నాను.” “ఆదివారం చూస్తాలే.” “ఎక్కడికీ పారిపోదు నీ పాస్‌పోర్టు.” ఫైళ్ళు కట్టేయాల్సిన చివరి రోజు పొద్దున బండి స్టార్ట్ చేస్తూ, జేబులోంచి తీసి చేతిలో పెట్టాడు. బస్సులో నిలబడటానికే చోటు లేదు. బల్ల దగ్గరికి వచ్చాకే తెరిచింది. అలవాటుగా ముందు గడువు తేదీ చూసింది. అలవాటుగా వేళ్ళ మీద లెక్కబెట్టింది. రెండో కణుపు దగ్గర వేలు ఆగిపోయింది.

రెండు నెలలు.

ఆయన పొరపాటున ఇంకెవరిదో ఇచ్చాడనుకుని పేజీ తిప్పింది. పదేళ్ళ కిందటి తన ముఖం, ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళతో, తిరిగి తననే చూసింది. అక్క పోయినప్పుడు తీసుకున్నది. అక్క చోటూ పదేళ్ళే, ఈ పుస్తకమూ పదేళ్ళే. రెండూ ఒకే దుఃఖంలో పుట్టాయి, రెండు నెలల తేడాతో. ఊళ్ళోవాళ్ళందరి తేదీలూ చూసిన తనకు ఈ ముక్క తట్టలేదు. తన పాస్‌పోర్టు తన వస్తువని ఏనాడూ అనిపించక తట్టలేదు.

యజమాని నెత్తి కొట్టుకున్నాడు. “నువ్వేంటమ్మా? నువ్వా?” అర్జెంటుగా పెట్టినా కొత్తది రావడానికి తక్కువలో తక్కువ వారం. వీసా వాళ్ళు ఈ ప్రయాణం కాగితాలు రేపటిదాకే తీసుకుంటారు; ఆ తర్వాత ఒక్కతే పెట్టుకున్నా అక్క గడువులోగా వీసా చేతికి రాదు. ఆమెకు బదులు కౌంటర్లో కూర్చునే చిన్నమ్మాయిని పంపుతున్నట్టు మధ్యాహ్నానికి తేలిపోయింది. ఆ అమ్మాయి పుస్తకం పట్టుకుని బస్సు టికెట్ల సంగతి బట్టీ పడుతుంటే ఆమే పక్కన కూర్చుని వివరించింది.

సాయంత్రం ఆయనతో చెప్పింది. “అయ్యో” అన్నాడు, నిజంగానే. తర్వాత, “పోయినేడు నాదీ పిల్లాడిదీ కొత్తవి చేయించాను కదా, అప్పుడే నీదీ చేయించాల్సింది. ఫారం కూడా తెచ్చాను. నీ సంతకం కావాలన్నారు, నువ్వేమో ఆఫీసులో ఉన్నావు. నువ్వెక్కడికి వెళ్తావులే అని వదిలేశాను.”

ఆ చివరి మాట ఆయన కోపంగా అనలేదు, వెటకారంగా అనలేదు. కూరలో ఉప్పు సరిపోయింది అన్నంత మామూలుగా అన్నాడు. ఆమెకు తగిలింది అదే.

“ఊరందరికీ శకునం చెప్పే బల్లి తను పోయి కుడితి తొట్లో పడిందట” అని అత్తగారు నవ్వారు. పద్దెనిమిది పేజీల పుస్తకం అవసరం తప్పినందుకు ఆవిడ ముఖంలో తేలిక. “పోనీలేవే, ఇంటిపట్టునుంటావు.”

వెళ్ళేవాళ్ళలో ఒక రిటైరైన పంతులమ్మ ఉంది. ప్లగ్గు గురించి అడగడానికి వచ్చి, ఆమె కళ్ళు చూసి కుర్చీ లాక్కుని కూర్చుంది. సంగతంతా విని, “చిరునామా రాసివ్వు. నేను వెళ్తాను” అంది. “సంతకం ఒప్పుకోరండీ.” “అడిగితే పోయేదేముంది తల్లీ, కాదంటారు, అంతేగా.”

వాళ్ళు వెళ్ళిన తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. ఆమె ఆఫీసు వెనక మెట్ల మీదికి వెళ్ళి నిలబడింది.

“టికెట్ ముందే కొనుక్కుని ఎక్కానమ్మా” అంది పంతులమ్మ ఆయాసపడుతూ. “ఆఫీసులోకి వెళ్ళగానే నమస్కారం కూడా చెప్పాను. మర్యాదస్తుడే, కూర్చోబెట్టాడు. మీరేమవుతారన్నాడు. ఏమీ కానన్నాను. అబద్ధమాడదామనుకున్నా గానీ, ముప్ఫై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పిన నోరాయె, రాలేదు. కుదరదన్నాడు తల్లీ.” కాసేపు గాలి చప్పుడు. “ఇక్కడే ఉన్నాను, మీ అక్క దగ్గర. శుభ్రంగా ఉంది. పేరు తప్పుల్లేకుండా చెక్కారు. ఏమన్నా చెప్పుకుంటావా? ఫోను రాయి మీద పెట్టి నేనలా దూరంగా వెళ్తాను.”

పదేళ్ళుగా దాచుకున్న మాటలు ఎన్నో ఉన్నాయి. నా చదువు కోసం వెళ్ళావే అక్కా అని, నిన్ను చూడ్డానికి ఒక్కసారీ రాలేదే అని. ఆమె నోటి నుంచి వచ్చింది తనకు రాయడం చేతనైన మాటలే.

“అక్కా, నేనే, చిట్టిని. వచ్చేవారం నిన్ను వేరే చోటికి మారుస్తారటే. పొద్దునపూట వస్తారట. భయపడకు. అక్కడ చాలామంది ఉంటారు. నీకు వాళ్ళ భాష వచ్చుగా, ముందు నమస్కారం చెప్పు. అప్పుడు వాళ్ళ కళ్ళకి ఆనుతావు. నువ్వేం తీసుకెళ్ళక్కర్లేదు. తాళంచెవి కూడా అక్కర్లేదు. తలుపులుండవటక్కా అక్కడ.”

కిందనుంచి ఎవరో “మేడమ్, ప్రింటరు పనిచెయ్యట్లేదు” అని కేకేశారు. ఆమె ముఖం తుడుచుకుని దిగి వెళ్ళింది.

ఆ సాయంత్రం ఆయన, ఆమె కళ్ళు చూసి జాలిపడ్డాడు. పక్కన కూర్చుని, “అయిందేదో అయింది. వచ్చే ఏడాది సెలవు పెడతాను, అందరం కలిసే వెళ్దాం” అన్నాడు.

“వచ్చే ఏడాది అక్కడ అక్క ఉండదండీ.”

“ఇప్పుడు మాత్రం ఉందా ఏమిటే పిచ్చిదానా” అన్నాడు, తల నిమురుతూ.

ఆ చెయ్యి తల మీద ఉన్నంతసేపూ ఆమె కదలకుండా కూర్చుంది. అది మంచి చెయ్యే. ఏనాడూ దెబ్బ వెయ్యని చెయ్యి. ఆ చెయ్యే బీరువాకు తాళం వేస్తుంది, ఆ చెయ్యే నువ్వెక్కడికి వెళ్తావులే అని ఒక ఫారాన్ని పక్కన పడేస్తుంది. తల నిమరడానికీ తాళం వెయ్యడానికీ మధ్య దానికి తేడా తెలియదు. తెలియదని పన్నెండేళ్ళలో మొదటిసారి ఆమెకు తెలిసింది. వంట ఉందని చెప్పి లేచింది.

అక్క గడువు ముగిసిన మర్నాడు ఆమె సెలవు పెట్టి పాస్‌పోర్టు ఆఫీసుకు వెళ్ళింది. వెళ్తున్నట్టు ఇంట్లో చెప్పలేదు, దాచనూ లేదు. ఎవరూ అడగలేదు. వరుసలో రెండు గంటలు నిలబడ్డాక, కౌంటరు వెనక గుమస్తా ఖాళీ పేజీల పాత పాస్‌పోర్టును అటూ ఇటూ తిప్పి, “ఎక్కడికీ వెళ్ళినట్టు లేరే! ఇప్పుడు ఏ దేశానికమ్మా? అర్జెంటా, మామూలా?” అన్నాడు.

“ఏ దేశానికీ కాదండీ. మామూలే చాలు.”

అతను వింతగా చూసి ముద్ర వేశాడు. “సరే, ఇంటి అడ్రసుకి పోస్టులో వస్తుంది. మీరు లేకపోయినా పర్లేదు, ఇంట్లో ఎవరో ఒకరు సంతకం పెట్టి తీసుకోవచ్చు.”

వెనక నిలబడ్డవాళ్ళు తోసుకుంటున్నారు. ఆమె కౌంటరు అంచు పట్టుకుని నిలబడింది.

“ఎవరో ఒకరు వద్దండీ. ఎన్నిసార్లు రమ్మన్నా వస్తాను. నా సంతకం నేనే పెట్టి తీసుకుంటాను.”