మాట లేని రాజు

నేను ఒక సినిమాతెరను. మరమగ్గం మీద మామూలు గుడ్డగా పుట్టాను. తెల్లరంగు పూసి తెనాలిలో నాయుడుగారి టాకీసులో బిగించాక జనం నన్ను వెండితెర అన్నారు. నాలో వెండి గురిగింజంత లేదు. నా మీద ఆడే బొమ్మ నాకు కనబడదు కూడా; చూసేవాళ్ల ముఖాలే కనబడతాయి.

వాటిలో అద్దంకి కోటిలింగంగారి ముఖం ఒకటి. పౌరాణిక నాటకాల్లో రాజు వేషానికి పేరుమోసినవారు. పాపం, గొంతు పోయింది. పద్యం పైస్థాయిలో విరిగిపోతుంటే జనం లేచి బీడీలకు పోయేవారు. వచ్చే నాటకమే ఆఖరిదని ఆయన నాటక సమాజంవాళ్లు చెప్పేశారు.

అప్పుడే నాయుడుగారు ఒక కౌబాయ్ సినిమా తెచ్చారు. కథ అమెరికాది, తీసింది ఇటలీవాళ్లు, మాటలు ఇంగ్లీషు, ఈలలు తెనాలివి. ఆఖర్న ఇద్దరు దుమ్ములో ఎదురెదురుగా నిలబడతారట. తుపాకి తీయరు, తిట్టుకోరు, ఊరికే చూసుకుంటారు. ఆ కాసేపూ హాల్లో ఈలలు ఆగిపోయాయి. వెక్కిరిద్దామని వచ్చిన కోటిలింగంగారు తాంబూలం నమలడం మరిచిపోయారు.

మర్నాడూ వచ్చారు. ఆ మర్నాడూ వచ్చారు.

"ఇంగ్లీషు వచ్చా మీకు?" అన్నారు నాయుడుగారు.

"ఎందుకండీ? ఆ కౌబాయ్ నోరు విప్పితేగా!"

"విప్పినా ఆ గొంతు అతనిది కాదంట. వేరేవాళ్ల చేత చెప్పించారంట."

"గొంతు లేకుండానే ఇంత చేశాడా!" అంటూ కోటిలింగంగారు కుర్చీలో కూలబడ్డారు.

ఆఖరి నాటకం టాకీసులోనే, నా ముందున్న వేదిక మీద ఆడారు. నిండుసభలో అవమానం జరిగాక రాజు పద్యం ఎత్తుకోవాలి. కోటిలింగంగారు ఎత్తుకోలేదు. శత్రువుని చూస్తూ నిలబడ్డారు. మరిచిపోయారనుకుని హార్మోనిస్టు శ్రుతి అందించాడు. వేదిక పక్కనుంచి ఎవరో మొదటిపాదం అరిచి అందించారు. జనం గొల్లుమన్నారు. ఆయన మెల్లగా తల తిప్పి వాళ్లందరి వైపూ చూశారు. హార్మోనియం ఆగింది, నవ్వులూ ఆగాయి. మళ్లీ శత్రువు వైపు తిరిగి, ఆ బొంగురుగొంతుతోనే "పో" అన్నారు. ఎదుటి నటుడు నిజంగానే వెనక్కి తగ్గాడు.

నాటక సమాజం ఆయన్ను వదులుకోలేదు. ఆయన్ను చూసి, గొంతు బాగున్న కుర్రాళ్లు కూడా పద్యాలు మానేసి గుడ్లురుముతుంటే హార్మోనిస్టు కునికిపాట్లు పడేవాడు.

తర్వాత నాయుడుగారు పెద్దతెర కొన్నారు. ఇప్పుడు నేను మార్కెట్ యార్డులో బస్తాల మీద కప్పిన పట్టాని. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు కోటిలింగంగారు వచ్చి, నాకు ఆనుకుని కూర్చుని, పద్యం ఎత్తుకుంటారు. పైస్థాయిలో గొంతు విరుగుతుంది.

"ఛీ, ఈ మిరపకాయల ఘాటొకటి!" అని విసుక్కుని మళ్లీ మొదలుపెడతారు.

నా కింద ఉన్నవి మినుములు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.