నా వీడియోలో వేలు పెట్టిందెవరు?

నేను చేసిన వీడియోని ఎవరో మారుస్తున్నారు. ఎవరో ఏమిటి, నా తోటికోడలే! కాకపోతే మొదట్లో నా దగ్గర రుజువు లేదు.

మావయ్య పెట్టిన ఫోటో స్టూడియో మాది. అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాక ఈగలు తోలుకోవడమే మిగిలింది. అందుకని అత్తయ్య వీడియో పనులు ఒప్పుకోవడం మొదలుపెట్టింది. కొడుకులిద్దరూ కెమెరాలు పట్టుకుని తిరుగుతారు. తీసుకొచ్చినదాన్ని అతికేవాళ్ళు కావాలి కదా అని కోడళ్ళిద్దర్నీ ఎడిటింగ్ క్లాసులో చేర్పించింది. గదిలో కంప్యూటర్ ఒకటే, కుర్చీ ఒకటే. "ఎవరి పని బాగుంటే ఆ గది వాళ్ళది. రెండోవాళ్ళు కౌంటర్ చూసుకోండి" అని తేల్చేసింది.

కౌంటర్ అంటే పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరించి కవర్లలో పెట్టడం. కాపురానికొచ్చినప్పటినుంచీ నేను చేసిందదే. మళ్ళీ అక్కడ కూర్చోమంటే నా వల్ల కాదు.

పైగా క్లాసులో చేరాక నా చూపే మారిపోయింది. బిస్కెట్ ప్యాకెట్టు చూసినా ఏ అక్షరం పెద్దది, ఎందుకు పెద్దది, పక్కన ఖాళీ ఎందుకు వదిలారు అని ఆలోచన. మందుల షాపు బోర్డు ముందు నిలబడిపోతే మా ఆయన "ఒంట్లో బాగాలేదా?" అని కంగారుపడ్డాడు. కళ్ళున్నందుకు ఇన్నాళ్ళకి పని దొరికిందనిపించింది. క్లాసులో మాస్టారు ఎప్పుడూ ఒకటే మాట చెప్పేవాడు, "మనిషి మనసంతా ముఖంలో ఉంటుంది. దగ్గరికి వెళ్ళండి." దగ్గరికి వెళ్ళడంలో నేనే ఫస్టని ఆయనే అన్నాడు.

పెద్దకోడల్నని మొదటి పని అత్తయ్య నాకిచ్చింది. చెవులు వినపడని పిల్లల బడి గురించి చిన్న వీడియో. కొత్తగా చేరబోయే పిల్లలకీ వాళ్ళ తల్లిదండ్రులకీ చూపిస్తారట. అందులో ఒక అమ్మాయి సైగలతో తన బడి గురించి చెబుతుంది. ఆ మాటలకి అర్థాన్ని వెనకనుంచి ఒక గొంతు చదువుతుంది. ఎంత చక్కటి కళ్ళో ఆ పిల్లవి! స్క్రీన్ నిండా ముఖం వచ్చేలా పెద్దది చేశాను. కింద నీలం పట్టీ మీద పసుపు అక్షరాలతో పేరు వేశాను. వెనక సన్నగా సంగీతం. చూసినప్పుడల్లా నాకే కళ్ళు చెమర్చేవి.

మా తోటికోడలు చంటిపాపని భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి చూసింది. "అక్కా, ఆ పిల్ల చేతులు కనపడితే బాగుంటుందేమో" అంది.

"ఏం, ఇదేమైనా గాజుల ప్రకటనా?" అన్నాను. నోరు మూసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి చూద్దును కదా, ముఖం చిన్నదైపోయింది! నడుం దాకా అమ్మాయి, చుట్టూ బోసిగా గోడ. నా పట్టీ ఎగిరి స్క్రీన్ పైకెక్కి కూర్చుంది. నేనే పొరపాటున ఏదో నొక్కానేమో అనుకుని మళ్ళీ సరిచేశాను. ఆ మర్నాడూ అంతే. అప్పుడు వెలిగింది నాకు. నేను తిండికి లేచినప్పుడే ఇదంతా జరుగుతోంది. కుర్చీ చూస్తే కిందికి దిగి ఉంది. మా ఇంట్లో అంత పొట్టి మనిషి ఒక్కతే. కీబోర్డు మీద పాప పౌడరు మరకలు కూడా! నా పని చెడగొట్టి అత్తయ్య ముందు నన్ను చేతకానిదాన్ని చేసి, గది కొట్టేయాలని ఎత్తు. నోట్లో వేలు పెడితే కొరకలేనట్టుండే మనిషి, చూశారా, ఎంత పని చేసిందో! ఒళ్ళు మండిపోయింది.

గొడవ పెట్టుకోలేదు. పెట్టుకుంటే ఏడ్చేసి అందరి జాలీ మూటకట్టుకుంటుంది. అన్నీ మళ్ళీ నా పద్ధతిలో పెట్టేసి కంప్యూటర్‌కి పాస్‌వర్డ్ వేశాను. ఆ సాయంత్రం వంటింట్లో నా మొహంలోకి చూడలేకపోయింది. దొంగ దొరికిందనుకున్నాను.

బడిలో వీడియో చూపించాల్సిన రోజు "నేనూ వస్తానక్కా" అంది. ఆ రావడంలో కూడా ఏదో మతలబుందనిపించింది. "పాపతో ఎక్కడికొస్తావు? కౌంటర్ చూసుకో" అని ఒక్కదాన్నే వెళ్ళాను.

హెడ్‌మిస్ట్రెస్ ఆ అమ్మాయినీ, తన స్నేహితురాళ్ళనీ కూడా పిలిచి కూర్చోబెట్టింది. వీడియో మొదలైంది. తెర మీద తన ముఖం చూసుకుని పిల్ల సిగ్గుపడి నవ్వింది. అంతే, ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. కాస్త ముందుకి వంగింది. తెర కింది అంచు దాటి ఇంకేదైనా ఉందేమోనన్నట్టు వెతికింది. పక్కపిల్ల ఏదో అడిగితే తెలియదని తలూపింది. సంగీతం వస్తూనే ఉంది, గొంతు చదువుతూనే ఉంది. ఆ గదిలో వాటిని వింటున్నది నేనూ హెడ్‌మిస్ట్రెస్సూ మాత్రమే.

వీడియో అయిపోగానే పిల్ల నావైపు తిరిగి గబగబా చేతులాడించింది.

"ఏమంటోందండీ?" అన్నాను.

హెడ్‌మిస్ట్రెస్ చెప్పింది. "నేను మాట్లాడుతుంటే నా నోరెందుకు మూశారు, అని అడుగుతోంది."

తల కొట్టేసినట్టయింది. రేపటికి మార్చి ఇస్తానని చెప్పి బయటపడ్డాను.

దారి పొడవునా ఒకటే ఆలోచన. మార్చడం ఎంతసేపు? ముఖం చిన్నది చేసి పట్టీ పైకి జరిపితే సరి. బడిలో ఏం జరిగిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. గదీ నాదే, పేరూ నాదే.

గుమ్మంలోనే అత్తయ్య అడిగింది. "ఏమన్నారే?"

కౌంటర్ వెనక తోటికోడలు తలెత్తి చూసి మళ్ళీ దించుకుంది. ఆ దించుకోవడం చూశాక అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"బాగాలేదన్నారత్తయ్యా. బాగున్నదాన్ని నేనే చెడగొట్టాను. మీ చిన్నకోడలు రోజూ సరిచేస్తుంటే నేను మళ్ళీ మళ్ళీ పాడుచేశాను. ఆ గది దీనిదే."

అత్తయ్య నోరెళ్ళబెట్టింది. తోటికోడలు మాత్రం ఇసుమంతైనా నమ్మలేదు. "ఏంటక్కా, వీడియో ఏమైనా పోయిందా? నా మీదకి తోస్తున్నావా?" అంది భయంగా. కోపం తన్నుకొచ్చింది. కానీ ఏ మొహం పెట్టుకుని కోప్పడను? ఆ పిల్ల అడిగిన మాట ఉన్నదున్నట్టు చెప్పాను.

దాని కళ్ళలో నీళ్ళు నిండాయి. "చెబుదామనే అనుకున్నానక్కా. నువ్వు విననిస్తేగా!"

"అసలు నీకెలా తట్టింది?"

"పాప లేస్తుందని సౌండ్ తీసేసి చూశాను. అసలు ఆ పిల్ల ఏదో చెబుతోందనే తెలియలేదు."

ఇద్దరం గదిలోకి వెళ్ళాం. నేను సౌండ్ తీసేసి నా వీడియో పెట్టాను. అంతసేపూ అందమైన ఒక ముఖం ఊరికే అటూ ఇటూ కదిలింది, అంతే. నా పక్కన నిలబడ్డ మనిషి ఇన్నేళ్ళలో నాతో ఏమేం చెప్పబోయి ఊరుకుందో అని మొదటిసారి భయం వేసింది.